జేబులో లేని డబ్బు తలలో ఎందుకు తిరుగుతుంది?

విజయవాడ మురికివాడల్లో ఇంటింటికీ తిరిగి పొదుపు వసూలు చేసే ఒక మహిళ గురించి స్టూవర్ట్ రూథర్‌ఫర్డ్ అనే పరిశోధకుడు 2000లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. ఆవిడ ఒక్కొక్కరికీ ఒక కార్డు ఇస్తుంది. దాని మీద 220 గళ్ళు. ఐదు రూపాయలు కడితే ఒక గడి నిండుతుంది. గళ్ళన్నీ నిండేసరికి కట్టింది 1,100 రూపాయలవుతుంది, చేతికి తిరిగి వచ్చేది 1,000. మిగిలిన వంద ఆవిడ కూలి. బ్యాంకులో దాచుకుంటే బ్యాంకు మనకు వడ్డీ ఇస్తుంది, ఇక్కడ దాచుకున్నవాళ్ళే ఎదురు వడ్డీ ఇచ్చుకుంటున్నారు. రోజుకో గడి చొప్పున లెక్కేస్తే ఆ 220 రోజుల్లో సగటున ఆవిడ దగ్గరున్నది 550 రూపాయలు. దాని మీద వంద పోయిందంటే ఏడాదికి దాదాపు 30 శాతం. ఇల్లు గడవడమే కష్టమైన మనుషులు సొంత డబ్బు దాచుకోవడానికి నూటికి ముప్పై ఇస్తున్నారంటే, వినగానే చదువుకున్నవాళ్ళకు తోచేది వాళ్ళకు లెక్కలు రావనే. అది నిజం కాదనడానికి ఈ పదిహేనేళ్ళలో చాలా పరిశోధన పోగైంది. అందులో గట్టిదీ ఉంది, తాలూ ఉంది. తాలు చెరిగేశాక కూడా మిగిలే విషయం ఒకటుంది. కష్టకాలంలో డబ్బు ముందుగా దోచుకునేది మన ధ్యాసను. పొదుపు బుద్ధి, క్రమశిక్షణ, ధైర్యం అని మనం పేర్లు పెట్టుకునే గుణాలన్నీ ఆ ధ్యాస మీద ఆధారపడినవే. అందుకని రోజులు బాగాలేనప్పుడు మనిషికి గుణపాఠాలు చెప్పడం కన్నా, డబ్బు అతని ముందుకు వచ్చే తీరును మార్చడమే ఎక్కువ పని చేస్తుంది.

ఈ ఆలోచనకు పునాది అనదగ్గ ప్రయోగం తమిళనాడు చెరకు రైతుల మీద జరిగింది. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్దార్ షఫీర్, జియాయింగ్ ఝావో అనే నలుగురు దాన్ని 2013లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. చెరకు రైతుకు డబ్బు ఏడాదికి ఒక్కసారే కనిపిస్తుంది, అదీ కోత అయి ఫ్యాక్టరీ చెల్లించాక. కోతకు ముందు నెలల్లో తాకట్లు, చేబదుళ్ళు. కోత తరవాత కొన్నాళ్ళు చేతినిండా డబ్బు. అంటే ఒకే మనిషి ఏడాదిలో కొంతకాలం పేద, కొంతకాలం కలిగినవాడు. పేదల్నీ ధనికుల్నీ పక్కపక్కన పెట్టి పోలిస్తే చదువు, తిండి, పెంపకం అన్నీ అడ్డం వస్తాయి. ఇక్కడ ఆ బెడద లేదు, రైతును అతనితోనే పోల్చవచ్చు. 464 మందికి కోతకు ముందూ తరవాతా రెండు పరీక్షలు పెట్టారు. బొమ్మల వరసలో తప్పిపోయిన ముక్కేదో కనిపెట్టడం ఒకటి. కాగితం మీద 5 5 5 అని కనిపిస్తుంటే 'ఐదు' అనకుండా, ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టి 'మూడు' అని చెప్పడం రెండోది. నాలుక చివరకు వచ్చిన జవాబును ఆపుకుని ఆలోచించగలరా అన్నదే దాని పరీక్ష. కోత తరవాత అదే రైతులు బొమ్మల పరీక్షలో దాదాపు 25 శాతం ఎక్కువ సరైన జవాబులు చెప్పారు, అంకెల పరీక్షలో తక్కువ తప్పులతో త్వరగా ముగించారు. పండగలో, ఎండలో, పొలం పనిభారమో కారణమేమో అన్న అనుమానం రావచ్చు. చెరకు ఫ్యాక్టరీ ఒకేసారి ఊరి చెరకంతా ఆడలేదు కాబట్టి కోతలు కొన్ని నెలల పాటు వంతులవారీగా జరుగుతాయి. ఒకరికి కోత అయిపోయిన వారంలోనే పక్క ఊరి రైతు ఇంకా తన వంతు కోసం ఎదురుచూస్తుంటాడు. పండగా ఎండా ఇద్దరికీ ఒకటే, చేతిలో డబ్బు మాత్రం వేరు.

పొయ్యి మీద పాలు పెట్టి పక్కగదిలో పుస్తకం చదివేవాళ్ళకు అక్షరాలు కనిపిస్తాయి, అర్థం మాత్రం తలకెక్కదు. డబ్బు ఇబ్బంది చేసేదీ దాదాపు అదే. తెలివి ఎక్కడికీ పోదు, దానిలో కొంత భాగం అడగకుండానే వేరే కాపలాకు వెళ్ళిపోతుంది. పదో తారీఖు కిస్తీ, స్కూలు ఫీజు, ఫోన్ ఎత్తితే ఎవరి గొంతు వినాలో అన్న బెరుకు, ఇవన్నీ మనిషి వేరే పనిలో ఉన్నా లోపల నడుస్తూనే ఉంటాయి. ఈ కాపలాకు లాభం లేకపోలేదు. షఫీర్ బృందమే 2015లో చూపించినదాని ప్రకారం ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళు రూపాయి విలువను కలిగినవాళ్ళ కన్నా నిక్కచ్చిగా చూస్తారు. చిన్న వస్తువు మీద వంద తగ్గితే ఊరవతలి కొట్టుకు వెళ్ళేవాళ్ళు, పెద్ద వస్తువు మీద అదే వంద తగ్గితే 'పోనిద్దూ' అంటారు, వంద మాత్రం వందే అయినా. ఈ పొరపాటు డబ్బున్నవాళ్ళలోనే ఎక్కువ. అంటే లేమి మనిషిని మొద్దుబారుస్తుందనడం తప్పు, ఒకే వైపు పదునుపెడుతుంది. ఈ వారం గడిచే దారి స్పష్టంగా కనిపిస్తుంది. వచ్చే నెల బీమా గడువు, పిల్లవాడి దగ్గు, సంతకం పెట్టిన కాగితంలో చిన్న అక్షరాలు మాత్రం చూపు అంచున మసకబారిపోతాయి. విజయవాడ కార్డు దగ్గరకు వస్తే, అక్కడ దాచుకున్నవాళ్ళు ఆ వంద రూపాయలకు కొనుక్కున్నది నిర్ణయం నుంచి విడుదల. ఐదు రూపాయలు ఇంట్లో ఉంటే సాయంత్రంలోగా దానికి పది మంది హక్కుదారులు తయారవుతారు, ప్రతి ఒక్కరికీ లేదని చెప్పాలి. గుమ్మంలోకి ఒక మనిషి వచ్చి అడిగితే ఒక్కసారి ఇచ్చేసి మరిచిపోవచ్చు.

ఈ కథ మరీ అందంగా ఉందని అనుమానించినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాట వినాల్సిందే. అమెరికాలో కార్వాలో, మైయర్, వాంగ్ 2016లో తక్కువ ఆదాయం వాళ్ళను జీతం రోజుకు ముందూ తరవాతా పరీక్షించారు. డబ్బు విషయంలో 'ఇప్పుడే కావాలి' అనే తొందర జీతానికి ముందు ఎక్కువ కనిపించింది గాని, ఆలోచనాశక్తిలో తేడా ఏమీ దొరకలేదు. 2021లో మరో బృందం లేమి మనస్తత్వం మీద వెలువడిన 20 అధ్యయనాలను మళ్ళీ చేసి చూస్తే మొదటి ఫలితం తిరిగి వచ్చింది నాలుగింటిలోనే. మనస్తత్వశాస్త్రంలో ఇటువంటి లెక్కలు ఈ పదిహేనేళ్ళలో చాలా జరిగాయి, చాలా పేరున్న సిద్ధాంతాలు వాటిలో కొట్టుకుపోయాయి. అయితే తిరిగి రాని వాటిలో ఎక్కువ భాగం, కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళకు ఆటలో అవకాశాలు తగ్గించో, లేమిని ఊహించుకోమనో చేసిన చిన్న ప్రయోగాలు. అప్పులవాడి ఫోను మోగడానికీ, ఆటలో గోళీలు తగ్గడానికీ సామ్యం వెతకడమే నాకు మొదటినుంచీ వింతగా తోచింది. జీతం రోజు అధ్యయనం మాత్రం అలా కొట్టిపారేసేది కాదు. నెలనెలా తప్పకుండా వచ్చే జీతం, వస్తుందో రాదో తెలియని పంట డబ్బు ఒకటి కావన్న జవాబు కొంతవరకే సరిపోతుంది. కాబట్టి 'పేదరికం ఇన్ని మార్కుల తెలివి తగ్గిస్తుంది' అని పత్రికలు రాసిన శీర్షికలను పక్కన పెడదాం. అడగాల్సిన ప్రశ్న ఇంకా నేల మీదిది. డబ్బు దిగులు తగ్గితే మనిషి చేసే అసలు పని మెరుగవుతుందా?

దానికి జవాబు ఒడిశాలో దొరికింది. సుప్రీత్ కౌర్, ముల్లైనాథన్, సువానా ఓ, ఫ్రాంక్ షిల్‌బాక్ అక్కడ పనులు దొరకని నెలల్లో విస్తళ్ళు కుట్టే పని పెట్టారు. ఎన్ని విస్తళ్ళు కుడితే అంత కూలి, మొత్తం చివర్లో ఇస్తామన్నారు. కొందరికి మాత్రం అప్పటిదాకా సంపాదించింది నాలుగు రోజులు ముందుగా ఇచ్చేశారు. కూలి రేటు పెంచలేదు, పైసా ఎక్కువ ఇవ్వలేదు, వచ్చేదే కాస్త ముందొచ్చింది. చాలామంది ఆ సాయంత్రమే వెళ్ళి బాకీలు కట్టుకున్నారు, ఇంటికి కావలసినవి కొన్నారు. మర్నాటి నుంచి వాళ్ళు కుట్టిన విస్తళ్ళ సంఖ్య సుమారు 7 శాతం పెరిగింది. బాగా ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళలో పెరుగుదల ఇంకా ఎక్కువ. పరధ్యానం వల్ల జరిగే తప్పులు, అంటే ఆకు పీకి మళ్ళీ కుట్టాల్సి రావడం వంటివి, తగ్గాయి. డబ్బు అందినవాళ్ళు కృతజ్ఞతతో ఎక్కువ కష్టపడ్డారేమో అనవచ్చు. అలా అయితే చేతులు వేగంగా ఆడి తప్పులు పెరగాలి, ఇక్కడ వేగమూ శ్రద్ధా రెండూ కలిసి పెరిగాయి. ఇది ఊహల పరీక్ష కాదు, కూలి డబ్బుల మీద జరిగింది. నాకు ఇదే అన్నిటికన్నా బలమైన సాక్ష్యం.

ధ్యాస మీద భారం వేసేది అప్పు మొత్తమా, అప్పుల సంఖ్యా? సింగపూర్‌లో ఒక ధార్మిక సంస్థ తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పాత బాకీలను ఒక్కసారిగా తీర్చింది. ఓంగ్, థెసైరా, ఎన్జీ అనే పరిశోధకులు అలా లబ్ధి పొందిన 196 మందిని ముందూ తరవాతా పరీక్షించి 2019లో ఫలితాలు రాశారు. ఒకరికి తీర్చిన డబ్బు సమానమే అయినా, దానితో ఎన్ని బాకీలు పూర్తిగా మూతపడ్డాయన్నదాన్ని బట్టి తేడా వచ్చింది. ఒక్కో ఖాతా మూసుకుపోయిన కొద్దీ ఆందోళన తగ్గింది, ఆలోచన కుదుటపడింది, రేపటి కోసం ఈరోజు ఆగగలిగే ఓపిక పెరిగింది. ఒక ఖాతా కూడా మూయకుండా ఆలోచనలో అంతే మెరుగుదల రావాలంటే దాదాపు ఒక నెల కుటుంబాదాయమంత బాకీ తగ్గించాలని వాళ్ళ లెక్క. అప్పు పత్రం మీద అంకె ఎంతైనా, ఒక్కో అప్పుకు ఒక గడువు, ఒక మనిషి, ఒక ముఖం ఉంటాయి. లక్ష రూపాయలు ఒకచోట బాకీ ఉన్నవాడికీ, అదే లక్ష ఆరుచోట్ల ఉన్నవాడికీ వడ్డీ ఒకటే కావచ్చు, నిద్ర మాత్రం ఒకటి కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం పోయిన ఇంజనీరుకు కూడా ఈ మాట వర్తిస్తుంది. ఇంటి రుణం కాకుండా రెండు క్రెడిట్ కార్డులు, ఫోను మీద వాయిదా, యాప్‌లో తీసుకున్న చిన్న రుణం, బంగారం తాకట్టు ఉంటే నెలలో ఐదారు తారీఖులు అతన్ని వెంటాడతాయి.

ఇక్కడ లెక్కల మాస్టారు అడ్డొస్తాడు, న్యాయంగానే. ఏ అప్పుకు వడ్డీ ఎక్కువో అది ముందు తీర్చాలి, చిన్న అప్పును ముందు మూయడం మనసును బుజ్జగించడమే తప్ప లాభం కాదంటాడు. మన వాడుకలో చెప్పుకుందాం. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన పదివేలు ఒకటి, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష ఒకటి ఉన్నాయనుకోండి. నెలకు కాబట్టి ఇవి ఏడాదికి 24, 36 శాతాలు, ఆ సంగతి చాలామందికి తట్టనే తట్టదు. చేతికి పదివేలు వచ్చింది. చిన్న అప్పు మూసేస్తే నెలకు 200 వడ్డీ తప్పుతుంది. పెద్దదాంట్లో జమచేస్తే 300 తప్పుతుంది. అంటే ఒక అప్పులవాణ్ణి పూర్తిగా వదిలించుకోవడానికి నెలకు వంద రూపాయల ధర. సింగపూర్ ఫలితం చూశాక ఆ ధర ఎక్కువేమీ కాదని నా అభిప్రాయం. అదే పెద్ద అప్పు నూటికి పది రూపాయలదైతే తేడా నెలకు 800, అప్పుడు మాస్టారి మాటే వినాలి. మనశ్శాంతికీ ఒక రేటు కట్టి చూసుకోవచ్చన్నదే ఇందులో సంగతి. రేటు కట్టకుండా దాన్ని లెక్కలోంచి తీసేయడం మాత్రం లెక్క రావడం కిందికి రాదు.

గడువుల సంగతి ఆంధ్రప్రదేశ్‌కు చేదుగా తెలుసు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వారపు వాయిదాలు, ఒకరు కట్టకపోతే గుంపులో అందరూ పూచీ పడాల్సి రావడం, ఇంటి ముందు కూర్చుని నలుగురిలో అవమానించడం, ఆత్మహత్యల వార్తలు వచ్చాక, అక్టోబరులో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అందులో ఒక నిబంధన, వాయిదాలు నెలకోసారే వసూలు చేయాలని. దాదాపు అదే ప్రశ్న మీద కోల్‌కతాలో ఎరికా ఫీల్డ్, రోహిణీ పాండే బృందం ప్రయోగం చేసింది. ఒకే సంస్థ ఇచ్చిన రుణాలను కొందరు వారం వారం, కొందరు నెలనెలా కట్టారు. నెలవారీ వాళ్ళలో 'కట్టడం గురించి దిగులుగా ఉంది' అని చెప్పేవాళ్ళు 51 శాతం తక్కువ, రుణం గురించి ఆలోచిస్తూ గడిపే సమయమూ తక్కువ. ఎగవేతలు పెరగలేదు. రుణదాత పైసా వదులుకోకుండానే రుణగ్రస్తురాలి దిగులు సగానికి తగ్గిందన్నమాట. అయితే వారపు సమావేశాల్లో ఒక మంచి ఉందని ఆ పరిశోధకులే కనుగొన్నారు. తరచూ కలుసుకునే మహిళల మధ్య స్నేహాలు గట్టిపడి, కష్టంలో ఒకరికొకరు ఆదుకోవడం పెరిగింది. కాబట్టి వారం వారం కలవండి, నెలకోసారి కట్టండి అన్నది రెండిటినీ కలిపిన పాఠం అవుతుంది. మన రాష్ట్రంలో ఆ పాఠం నేర్చుకునే వీలు లేకపోయింది. ఆర్డినెన్సు తరవాత వసూళ్ళు కుప్పకూలాయి, కొత్త రుణాలు ఆగిపోయాయి, అవసరం మాత్రం ఆగలేదు. విజయవాడలో 2015 చివర్లో బయటపడ్డ కాల్‌మనీ వడ్డీవ్యాపారుల బాగోతం ఆ అవసరం ఏ గుమ్మాలు తొక్కుతుందో చూపించింది.

అప్పు తీరిపోతే అంతా బాగుపడుతుందని ఇంతవరకు చదివినవాళ్ళు అనుకుంటే, చెన్నై కోయంబేడు మార్కెట్ లెక్క చూడాలి. అక్కడ చిల్లరగా కూరగాయలు, పూలు అమ్మేవాళ్ళు పొద్దున వెయ్యి తెచ్చి, సరుకు కొని, సాయంత్రానికి పదకొండు వందలకు అమ్మి, వెయ్యీ యాభై తిరిగిచ్చేవాళ్ళు. రోజుకు నూటికి ఐదు వడ్డీ, లాభంలో సగం దానికే. రోజూ ఐదు రూపాయలు, అంటే అప్పట్లో ఒక టీ డబ్బులు, పక్కన పెట్టి మర్నాడు ఆ మేరకు తక్కువ అప్పు తెచ్చుకుంటే, తప్పిన వడ్డీని కూడా అందులోనే కలుపుతూ పోతే, యాభై రోజుల్లో అప్పు అవసరమే ఉండదు. వడ్డీ కలపకుండా ఉత్త ఐదు రూపాయలే దాస్తే రెండు వందల రోజులు పడుతుంది. చక్రవడ్డీ అప్పులవాడికి ఎంత బలమో, ఒక్కసారి తిరగేస్తే మనకూ అంతే బలం. మరి ఎందుకు చేయరు? డీన్ కార్లాన్, ముల్లైనాథన్, బెంజమిన్ రోత్ చెన్నైలోనూ ఫిలిప్పీన్స్‌లోనూ ఇటువంటి వ్యాపారుల అప్పులు పూర్తిగా తీర్చేసి చూశారు. ఎక్కువమంది ఆరు వారాల్లోపే మళ్ళీ అప్పులోకి వెళ్ళిపోయారు. ఏడాది, రెండేళ్ళు గడిచేసరికి అప్పు తీర్చినవాళ్ళకూ తీర్చనివాళ్ళకూ తేడా లేదు.

దీన్ని చూసి 'చూశారా, గుణమే కారణం' అనడం తేలిక. అప్పు తీర్చినప్పుడు వాళ్ళకు దొరికింది సున్నా. సున్నాకు దిగువ నుంచి సున్నాకు రావడం గొప్పే, కానీ సున్నా మీద నిలబడ్డవాణ్ణి ఒక ముసురు రోజు, ఒక జ్వరం, ఒక పెళ్ళి కట్నం చదివింపు తిరిగి కిందికి తోసేస్తుంది. వాళ్ళ దగ్గర లేనిది అడుగున చిన్న మెత్త, అనుకోని ఖర్చు వస్తే మీద పడకుండా ఆపేది. అందుకే అప్పు తీర్చడమా, పొదుపా అన్న ప్రశ్నకు ఆర్థిక సలహాదారులు చెప్పే 'ముందు అప్పు' అన్న జవాబు సగమే సరైనది. ఎంత వడ్డీ పోతున్నా, కొద్ది మొత్తం ముట్టుకోని డబ్బుగా ఉండటం అవసరం. ఆ కొద్దీ లేకపోతే తీర్చిన అప్పు ఆరు వారాల అప్పే. విజయవాడ కార్డు పట్టుకున్నవాళ్ళు బయట వడ్డీ బాకీలు ఉండగా కూడా పొదుపు కట్టడంలో ఉన్న తర్కం ఇదే.

డబ్బుకు పేరు పెట్టి విడిగా ఉంచడం పాత పద్ధతి. పోపుల డబ్బాలో కొంత, దేవుడి హుండీలో కొంత, పిల్ల పెళ్ళికని చిట్టీలో కొంత. పాఠ్యపుస్తకాల ఆర్థికశాస్త్రం దీన్ని ఒప్పుకోదు, రూపాయికి పేరేమిటి, ఎక్కడున్నా రూపాయే కదా అంటుంది. రిచర్డ్ థేలర్ ఈ 'మనోఖాతాల' మీద చేసిన పనికి కూడా కలిపి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన మొదట్లో వీటిని మనుషుల పొరపాట్ల జాబితాలో రాసినా, తరవాతి పరిశోధన వీటి ఉపయోగం చూపించింది. దిలీప్ సోమన్, అమర్ చీమా మన దేశంలోనే వారపు కూలీల కుటుంబాలకు పొదుపు డబ్బును కవర్లలో పెట్టి సీలు వేసి ఇచ్చారు. కొందరికి ఒకే కవరు, కొందరికి అదే మొత్తం రెండు కవర్లలో. రెండు కవర్ల వాళ్ళు ఎక్కువ మిగిల్చారు. ప్రతి కవరు చింపడమూ ఒక నిర్ణయమే, చింపాల్సిన చోట చెయ్యి ఆగుతుంది. కవరు మీద వాళ్ళ పిల్లల ఫొటో ఉంటే ఇంకా ఆగింది. ఇక్కడ కూడా మనసుకు ఎవరూ ఉపదేశం చేయలేదు, కాగితం మీద జిగురు పూశారంతే. ఫోనులో స్కాన్ చేసి చెల్లించే రోజుల్లో ఆ జిగురు ఊడిపోయింది. కూరగాయలకూ, కిస్తీకీ, సినిమాకూ ఒకే ఖాతా, ఒకే చప్పుడు. సౌకర్యాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు, చిల్లర కోసం తగువులు తప్పడం చిన్న సుఖం కాదు. అయితే జీతం పడిన రోజే కిస్తీలూ అద్దె ఒక ఖాతాలోకి, వారం ఖర్చు మరో ఖాతాలోకి మళ్ళించి, ఫోనుకు రెండోదాన్నే తగిలిస్తే పోపుల డబ్బా మళ్ళీ తిరిగొస్తుంది.

ఇక మిగిలింది, డబ్బు లెక్క వైపు కళ్ళు తెరిచి చూడటం. షేర్ల ధరలు పడినప్పుడు మదుపరులు తమ ఖాతాలు తెరిచి చూసుకోవడం తగ్గిస్తారని కార్ల్‌సన్, లోవెన్‌స్టైన్, సెప్పీ 2009లో చూపించారు. పెరిగినప్పుడు రోజుకు రెండుసార్లు చూసేవాళ్ళే పడినప్పుడు కళ్ళు మూసుకుంటారు. బ్యాంకు సందేశం చదవకుండా తుడిచేయడం, కార్డు బిల్లు వచ్చిన కవరును టీవీ వెనక పెట్టడం, ఇంట్లోవాళ్ళకు కొత్త అప్పు సంగతి దాచడం, అన్నీ ఆ కోవలోవే. సానుకూలంగా ఆలోచించమనే పుస్తకాల పట్ల నా అసంతృప్తి ఇక్కడే. దిగులుపడకు అంటే మనిషి చూడటం మానేస్తాడు, తేలికగా దొరికే నిశ్చింత అదే కాబట్టి. అలాగని గంటకోసారి ఖాతా చూసుకోవడమూ మందు కాదు, అది ఆ కాపలాను ఇంకా పెంచుతుంది. వారానికి ఒక పూట, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని, రావలసినవీ కట్టవలసినవీ కాగితం మీద రాసుకోవడం మధ్యే మార్గం. కాగితం మీదకు ఎక్కినదాన్ని తల మోయనక్కరలేదు. దాచిన అప్పు ఒకరి తలలోనే ఉంటుంది కాబట్టి ఇంట్లో అందరికన్నా అలసిపోయేది వాళ్ళే. మన ఇళ్ళలో మగవాళ్ళు పరువు కోసం దాస్తారు, ఆడవాళ్ళు గొడవ రాకుండా దాస్తారు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం చివరకు వస్తుంది. ఆదాయమే చాలకపోతే కవర్లూ కాగితాలూ ఏం చేస్తాయి? ఏమీ చేయలేని సందర్భాలు ఉన్నాయి. 2019 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో వ్యవసాయ కుటుంబాల్లో అప్పున్నవి 50.2 శాతమైతే, తెలంగాణలో 91.7, ఆంధ్రప్రదేశ్‌లో 93.2. సగటు బాకీ ఆంధ్రలో దాదాపు రెండు లక్షల నలభై అయిదు వేలు. ఇన్ని లక్షల కుటుంబాలకు ఒకేసారి గుణం చెడిందని ఎవరూ అనలేరు, పద్ధతిగా కవర్లు పెట్టుకోలేదనీ అనలేరు. బోరు ఎండడానికీ ధర పడడానికీ ఇంటి లెక్క జవాబు కాదు. ఈ సిద్ధాంతాన్ని పేదల చేతిలో ఇంకో హోంవర్కుగా పెట్టడం నాకు ఇష్టం లేదు. నిజానికి అది వేలెత్తి చూపేది ఎక్కువగా అవతలి వైపుకే. గడువులు నిర్ణయించేవాళ్ళు, దరఖాస్తులో ఎన్ని పేజీలుండాలో తేల్చేవాళ్ళు, జీతం ఏ తారీఖున వేయాలో చూసేవాళ్ళు, వీళ్ళందరి చేతుల్లో పక్కవాడి ధ్యాస ఉంది. మలావీ దేశంలో తేయాకు తోట కూలీలకు, కోరుకున్నవాళ్ళ కూలిలో కొంత సీజను చివరిదాకా యజమాని దగ్గరే ఉంచి ఒకేసారి ఇచ్చే ఏర్పాటు చేస్తే, దాదాపు సగం మంది అడిగి మరీ చేరారని 2021లో అచ్చయిన అధ్యయనం చెబుతోంది. ఆ డబ్బుతో వాళ్ళు ఇళ్ళ కప్పులకు రేకులు వేయించుకున్నారు.

ఈ దృష్టితో చూస్తే, తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పథకంలో చర్చించాల్సింది మొత్తం ఒక్కటే కాదు, తారీఖు కూడా. మొదట్లో ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలు, విత్తనాలు వేసే ముందు అందాలన్నది ఉద్దేశం. విత్తనాల కొట్టు దగ్గర నిలబడ్డ రైతు చేతిలో అప్పటికే డబ్బుంటే అతను రకాన్ని, ధరను, వర్షాన్ని గురించి ఆలోచించగలడు. అప్పు ఎవరిస్తారా అని ఆలోచిస్తూ నిలబడితే షాపువాడు ఇచ్చిన సంచీ తెచ్చుకుంటాడు. అదే 4,000 పంట అమ్మాక వస్తే పాత బాకీలో జమ అవుతుంది, ఆ నిర్ణయాల వేళ ఉపయోగపడదు. అయితే ఆ డబ్బు పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్ళకు వెళ్ళింది, కౌలురైతుకు వెళ్ళలేదు. అతను అదే 4,000 ఆరు నెలలకు నూటికి మూడు రూపాయల లెక్కన తెచ్చుకుంటే పంట చేతికొచ్చేసరికి వడ్డీ 720, ఒక్క ఎకరానికి.